అర చెంచా

మా అక్క అట్రాక్టా నలభై ఏళ్లుగా
సోడా కొలిచింది అరచేతి గుంటతోనే.
పిండి, మజ్జిగ, చిటికెడు ఉప్పు,
గుంటలో నిలిచినంత సోడా,
రొట్టె నెత్తిన కత్తితో ఓ శిలువ గాటు.
ఏనాడూ గట్టిపడలేదు, ఏనాడూ చేదెక్కలేదు.
ఈ చలికాలం మొదటిసారి
కొలత చెంచా కొనుక్కొచ్చింది.
రొట్టెకి కాదు. నాకు.

కాసిల్‌బార్ ఆస్పత్రిలో డాక్టరమ్మ
కాగితం మీద ఓ అంకెకి సున్నా చుట్టింది.
పదిహేడు.
"మలాకీ, నీ నెత్తురు పులుస్తోంది" అంది.
మూత్రపిండాలు ఊడ్చి పారెయ్యాల్సిన పులుపుని
ఊడ్చే ఓపిక లేక గడప లోపలే వదిలేస్తున్నాయట.
అది ఎముకని కొరుకుతుందట, కండని నంజుకుంటుందట,
తిరిగొచ్చి ఆ అలిసిన పిండాలనే కరుస్తుందట.
నేనేం మాట్లాడలేదు.
నాకు అర్థం కాలేదనుకుని
బొమ్మ గీయడం మొదలుపెట్టింది, పాపం.

పులుపంటే నాకు తెలియకపోవడమేమిటి?
మాది ఎరిస్. సముద్రానికీ బురదకీ నడుమ పదకొండెకరాలు.
తవ్వితే బొగ్గులాంటి నేల.
నాన్న చిటికెడు తీసి నిజంగానే నాలిక మీద వేసుకునేవాడు,
పచ్చి ఆపిల్ కొరికినట్టు మొహం పెట్టేవాడు.
ఆ మట్టిలో గడ్డి పాలిపోయేది,
తుంగ మాత్రం పెళ్లివారిలా బలిసేది.
మూడేళ్లకోసారి సున్నం చల్లేవాళ్లం.
"గాలికెదురు నిలబడకురా" అనేవాడు
తానే ఎదురు నిలబడి, తెల్లబడ్డ కనుబొమలతో.
"ఇదేం కొత్త నేలని పుట్టించదు.
తుంగ తిరిగి రావడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే."
ఆ 'అంతే' మీద
ముప్ఫై ఆవులు మేశాయి,
అక్క చదువు సాగింది,
నాన్న తీరిగ్గా ముసలివాడయ్యాడు.

డాక్టరమ్మా అదే అంది చివరికి, బొమ్మ పక్కకి నెట్టి:
నయం చెయ్యదు. నెమ్మది చెయ్యొచ్చు.
అందరికీ కాదు. నీకు చూద్దాం.

అలా పొద్దున్నే గ్లాసులో బుసబుస.
తాగితే రాత్రంతా సముద్రంలో పడుకున్న రుచి.
ఆదివారం ప్రార్థనలో, సరిగ్గా గుడంతా నిశ్శబ్దమయ్యాక,
నా త్రేన్పు పైకప్పు దూలాల దాకా వెళ్లొచ్చింది.
అక్క ముఖం తిప్పుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

పాలకేంద్రం దగ్గర మా టైగ్ ఈ మాట విన్నాడు.
"ఓస్, వంటింటి డబ్బాలో మందు!" అని
ఎవర్నీ అడక్కుండా చెంచాలకి చెంచాలు దించాడు.
పదో రోజుకి చీలమండలు బూట్లలో పట్టలేదు,
రక్తపోటు చూసి నర్సు కుర్చీ లాక్కుని కూర్చుంది.
సోడా కూడా ఉప్పుకి దాయాదే, ఆ సంగతి డబ్బా చెప్పదు.
అప్పట్నించి అక్క
చెంచా అంచుని కత్తి వీపుతో గీసి గీసి ఇస్తుంది
బంగారం తూచే షాపువాడిలా.

రొట్టెలో ఉప్పు మానేసింది, నా వంతు ఉప్పు గ్లాసులోనే ఉందని.
మొదటి రొట్టె కోసి ఎదురుగా కూర్చుంది.
"ఎలా ఉంది?"
"గోడ నాకినట్టుంది."
"ఏ గోడ?"
"మన పశువుల కొట్టానిది. ఉత్తరం వైపు."
అలాగే తిన్నాం ఇద్దరం, వెన్న కాస్త మందంగా రాసుకుని.

మార్చిలో ఆ అంకె ఇరవై ఒకటి.
పక్క అంకె, క్రియాటినిన్, ఇంకా పాకుతూనే ఉంది,
కాకపోతే ఇదివరకటిలా పరిగెత్తడం లేదు.
డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను మూత పెట్టింది.
అది చాలనిపించింది.

ఇంటికొస్తుంటే గేటు పక్కన
దిగువ మడిలో తుంగ మోకాలెత్తు కనిపించింది.
ట్రాక్టరు డెక్లన్‌కి ఫోను చేశాను, సున్నం కావాలని.
డెబ్బై మూడేళ్ల వాడివి, ఇప్పుడెందుకు అనలేదు, మర్యాదస్తుడు.
"ఎంత చల్లమంటావు?" అన్నాడు.
"మూడేళ్లకి సరిపడా" అన్నాను
త్రేన్పు ఆపుకుంటూ.